కుడిచేతి మూలన తెల్ల మరక

శుక్రవారం, పొద్దున పదకొండు గంటలు దాటి అయిదు నిమిషాలు.

ఫొటో వెనక పదీ ఇరవై అని రాసి ఉంటుంది. అది నమ్మమాకండి. ఆ టైము రాసింది మా పెదనాన్న. ఆ ఇంటి మొత్తానికీ చేతి గడియారం ఆయనొక్కడికే ఉండేది కాబట్టి ఆయన ఎంతంటే అంత. ఎందుకు తప్పు రాశాడో తర్వాత చెబుతాను. ముందు పదకొండూ అయిదు అన్నది గుర్తుపెట్టుకోండి.

ఏ సంవత్సరమో రాయను. మనుషుల పేర్లు కూడా రాయను. రాస్తే మా వాళ్ళు చదివి నాతో మాట్లాడటం మానేస్తారు. ఇప్పటికే కొంతమంది మానేశారు. వరసలు రాస్తాను, చాలు. కుక్కల పేర్లు మాత్రం రాస్తాను. వాటికి అభ్యంతరం ఉండదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట. మా అమ్మాయి కూతురు ఒకటో తరగతిలో ఉండగా దాని పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, అది పంతులమ్మ అయిపోయి, చీపురుపుల్ల చేత్తో పట్టుకుని నాకు నేర్పింది. నా రాతలో తప్పులుంటే దాన్ని అడగండి. విషయంలో తప్పుల్లేవు.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, పోయిన నెల మా వాళ్ళంతా ఒకచోట కలిశారు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఏసీ హాలు ఒకటి మాట్లాడారు. మా తాత పిల్లల పిల్లలు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. సగం మంది ఎవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు. కుక్కలు కూడా వచ్చాయి. ఒకటి దూడంత ఉంది, బంగారం రంగు. దాన్ని పట్టుకొచ్చిన పిల్ల నన్ను చూసి, "భయపడకండి అమ్మమ్మా, కరవదు" అంది. నన్ను! కుక్కకి భయపడకమని! పోనీలే చిన్నపిల్ల అనుకున్నాను. ఇంతలో దాని తల్లి వచ్చి, "అమ్మమ్మగారూ, కొంచెం ఆ కుర్చీ జరుపుకుంటారా? దీనికి వేడి పడదు, ఏసీ కింద పడుకోబెట్టాలి" అంది. ఆ ఏసీ కింద అప్పటిదాకా కూర్చున్నది నేను. జరుపుకున్నాను. కుక్క పడుకుంది.

అప్పుడే నాకు ఒళ్ళు మండటం మొదలైంది. అది కొత్త మంట కాదు.

స్టేజీ మీద గోడంత ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫొటోనే. ఒక్కొక్కరి నెత్తిమీద ఒక నంబరు, కింద నంబరుకో పేరు. మా పెదనాన్న మనవడు, అంటే మా అన్నయ్య కొడుకు, మైకు పట్టుకుని ఒక్కొక్కరినే పరిచయం చేస్తున్నాడు. అయ్యాక అన్నాడు: "చూశారా, ఇందులో ఒక్కరు కూడా కెమెరా వంక చూట్లేదు. అందరూ కుడివైపే చూస్తున్నారు, నోళ్ళు తెరుచుకుని. ఎందుకో తెలుసా? సరిగ్గా అప్పుడే ఊరి మీదుగా విమానం పోయిందంట. వీళ్ళు విమానం చూడటం అదే మొదలు."

హాలంతా నవ్వులు, చప్పట్లు.

విమానమంట.

"ఒరేయ్, విమానమెక్కడిదిరా?" అని అరిచాను. "విమానం చూసేవాడు తలకాయ పైకెత్తుతాడు గానీ మోకాలెత్తున చూస్తాడట్రా?"

వాడు మైకులోనే, అందరికీ వినపడేట్టు, "అత్తా, నువ్వు ఆ సంవత్సరం అక్కడ లేవుగా. ఫొటోలో లేవు. కూర్చో అత్తా, భోజనాలయ్యాక చెబుదువు" అన్నాడు.

భోజనాలయ్యాయి. ఎవరూ అడగలేదు. అందుకని రాస్తున్నాను.

మా ఊరు పేటకి ఎనిమిది మైళ్ళు. నల్లరేగడి నేల. పత్తి, మిరప. ఎండాకాలం వస్తే పట్నం పిల్లలకి సెలవులు, మాకు మిరపకాయలు. ఇంటి వెనక కల్లం, కల్లం నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు. పొద్దున పరచడం, మధ్యాహ్నం తిరగెయ్యడం, మబ్బు పడితే పరుగెత్తి కుప్ప చెయ్యడం. ఆరిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పడెయ్యడం. ఆ ఏరే పనికి ఊళ్ళో ఆడవాళ్ళు నలుగురు వచ్చేవాళ్ళు. అయిదోది నేను. నన్ను రెండో తరగతిలోనే బడి మాన్పించారు. "దీని చెయ్యి చురుకు, తాలుకాయ ఒక్కటి తప్పిపోదు" అని మా నాన్న మెచ్చుకునేవాడు. నేను పొంగిపోయేదాన్ని, పిచ్చిమొహాన్ని.

ఎండిన మిరపకాయ వాసన మీకు తెలుసనుకుంటున్నారేమో. తెలియదు. దగ్గర కూర్చుని రోజుల తరబడి పీలిస్తే అది తియ్యగా ఉంటుంది, బెల్లం పాకం మాడే ముందు వచ్చే వాసనలాగా. ఘాటు తర్వాత. పట్నం వాళ్ళకి ఘాటే ముందు తగిలి ముక్కు మూసుకుంటారు, తీపి సంగతి వాళ్ళకి చచ్చేదాకా తెలియదు.

ప్రతి ఎండాకాలం అందరూ వచ్చేవాళ్ళు. పేట నుంచి పెదనాన్న, పెద్దమ్మ, ముగ్గురు పిల్లలు. ఆయన పత్తి మిల్లులో గుమాస్తా, జేబులో పెన్ను ఉండేది. పొన్నూరు నుంచి మా మేనత్త, మామయ్య, వాళ్ళ ముగ్గురు పిల్లలు. మామయ్యది బియ్యం వ్యాపారం. అత్త వచ్చేటప్పుడు బండిలో ఒక బస్తా బియ్యం వేసుకొచ్చేది. మేం అప్పట్లో జొన్నన్నం తినేవాళ్ళం. ఆ బస్తా దింపగానే మా నాయనమ్మకి ఎక్కడలేని కోపం వచ్చేది.

"ఏమే, నా ఇంట్లో తిండి లేదని ఊరందరికీ చాటిస్తున్నావా?"

"నీ ఇంట్లో తిండి లేక కాదమ్మా, దాన్ని నమిలే పళ్ళు నా పిల్లలకి లేవు" అనేది అత్త.

మళ్ళీ ఆ బియ్యం వండేది నాయనమ్మే. పెద్ద బేసినులో ఆ వేడన్నం పోసి, పండుమిరపకాయ పచ్చడి, వెన్నపూస వేసి కలిపి, చుట్టూ కూర్చున్న ఏడుగురు మనవళ్ళు మనవరాళ్ళకీ తలో ముద్ద పెట్టేది. నాది ఎనిమిదో చెయ్యి. "నువ్వెప్పుడూ ఉండేదానివేగా, వాళ్ళని తిననీ" అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఎప్పుడూ ఉండేవాళ్ళు కనపడరు.

నా చేతులు ఎప్పుడూ మండుతూ ఉండేవి. ఏరి లేచాక మజ్జిగతో కడిగి ఆముదం రాసినా గోళ్ళ సందుల్లో ఘాటు పోదు. అందుకని అత్త చంటిపిల్లల్ని నా చేతికి ఇచ్చేది కాదు. "నీ చేతులు తగిలించమాకే తల్లీ, కళ్ళల్లో పడితే చచ్చిపోతారు." అలాగే ఆ ఫొటో తీసిన ఏడు కొత్తగా ఇంకోదాన్ని కూడా ముట్టుకోనివ్వలేదు. అది రోజీ. తెల్ల బొచ్చు సీమకుక్క. మామయ్య దాన్ని ఎక్కడో కొని తెచ్చాడు. పొద్దున పాలన్నం, అందులో పంచదార. మధ్యాహ్నం అత్త మంచం మీద నిద్ర. "కుక్కకి పంచదారా!" అని నాయనమ్మ గడపలో కూలబడిపోయింది. రోజీకి మా ఘాటు పడక రోజంతా తుమ్ములే. ముట్టుకోకూడదు గానీ విసరొచ్చు. విసనకర్ర నా చేతికిచ్చి, "దూరంగా కూర్చుని విసురు" అనేది అత్త.

మా కుక్కలు రెండు. ఎర్రోడు, బొల్లిగాడు. ఎర్రోడు ముసలాడు, కోపిష్టి. బొల్లిగాడు తెల్లగా ఉండేవాడు, ఒక చెవి మాత్రం నలుపు. ఇద్దరూ కల్లం కాపలా. పందిని రానివ్వరు, కొత్తమనిషిని రానివ్వరు. ఆరబోసిన కాయల మీద అడుగు వెయ్యరు, గట్టున చుట్టూ తిరిగి వస్తారు. ఆ అలవాటు నేర్పింది నేను. వాటికి గంజి పోసేది నేనే కాబట్టి నా మాట తప్ప ఇంకెవరి మాటా వినేవి కావు. పట్నం పిల్లలు అయిదారు రోజులు తిప్పలుపడ్డారు వాటిచేత తోక ఊపించుకోవాలని. ఆ ఒక్క విషయంలో నేను రాణిని.

మా అత్త కొడుకు, బావ, నాకంటే ఏడాది పెద్ద. వాడికి చదువొచ్చు. అదొక పెద్ద రోగం వాడికి. ఒకరోజు బొగ్గుతో గోడ మీద ఏదో రాసి, "ఏయ్, ఇది నీ పేరు" అన్నాడు. మురిసిపోయి రెండు రోజులు ఆ గోడ మీద నీళ్ళు పడకుండా కాపలా కాశాను. మా తమ్ముడు చదివి చెప్పాడు అది గాడిద అని. నేను ఏడవలేదు. బావని పిలిచి, "నీ చెయ్యి నాకంటే చురుకంట, నాన్న అన్నాడు, ఏరి చూపించు" అన్నాను. పొంగిపోయి గంటసేపు తాలుకాయలు ఏరాడు. చేతులు కడుక్కోమని ఎవరు చెప్పాలి? నేను చెప్పలా. అట్నుంచి అటే దొడ్లోకి పోయాడు. ఇక చూడండి, లాగు పట్టుకుని కల్లం చుట్టూ ఎగురుతున్నాడు. మా తాత చుట్ట నోట్లోంచి తీసి, "ఏరా, పొన్నూరులో ఈ ఆట కూడా నేర్పుతున్నారా బళ్ళో?" అన్నాడు. మా అమ్మ మజ్జిగ కుండతో పరుగెత్తింది. ఇప్పుడు వాడు మునిమనవళ్ళున్న పెద్దమనిషి. మొన్న హాల్లో ఎదురుపడితే నా మొహం చూసి నవ్వలేదు. గుర్తుండి ఉంటుంది.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. తాత ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, "అందరం కలిసి ఫొటో తీయించుకుందాం. కల్లంలో, కాయ వెనకాల కనపడాలి" అన్నాడు. "ఘాటు కదా నాన్నా, పిల్లలు తట్టుకోలేరు" అంది అత్త. "మిరపకాయ తిని పెరిగినదానివి, నీకు ఘాటేంటే?" అన్నాడు. పేట నుంచి ఫొటో ఆయన్ని పిలిపించే పని పెదనాన్నది. మంచి టైము చూసే పని నాయనమ్మది. "శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం వస్తది. ఈ లోపల అయిపోవాల్సిందే" అంది.

అత్తే, పాపం, నాకొక గుడ్డ తెచ్చింది. మంచి మనిషే, లేదనను. ఆకుపచ్చ గుడ్డ. పెదనాన్న దాన్ని పేటలో దర్జీ చేత పరికిణీ కుట్టించి తెచ్చాడు. దర్జీ కుట్టిన బట్ట నేను కట్టడం అదే మొదలు. గురువారం సాయంత్రం కట్టుకుని తాతకి చూపించబోయాను. ఆయన పైనుంచి కిందదాకా చూసి, "నువ్వు రేపు నా కుర్చీ పక్కన నిలబడాలి. చెయ్యి కుర్చీ మీద వెయ్యి. ఇదిగో, ఇట్లా" అని నా చెయ్యి తీసుకుని ఆయన కుర్చీ పట్టె మీద పెట్టి చూపించాడు. మండే చెయ్యే. ముట్టుకోవద్దనలేదు.

నాకు కావలసింది అదొక్కటే. అక్కడ నిలబడటం. అంతకుముందు నాకు ఒక్క ఫొటో లేదు.

శుక్రవారం పొద్దున ఏరే పని ఆపేశారు. ఎర్రగా కుప్ప పోసి, దాని ముందు బల్లలు, కుర్చీలు వేశారు. మగపిల్లలకి నూనె రాసి పాపిడి తీశారు. తొమ్మిదింటికి రావలసిన ఫొటో ఆయన పదీ పదికి దిగాడు. మూడు కాళ్ళ పెట్టె, నల్లగుడ్డ. ఆ గుడ్డలో ఆయన తల దూర్చగానే ఎర్రోడు, బొల్లిగాడు ఒకటే మొరుగుడు. మనిషికి తలకాయ లేకపోతే కుక్క ఊరుకుంటుందా? దానికితోడు అత్త ఒళ్ళో రోజీ. కుర్చీలో కూర్చున్న కుక్కని మా వాళ్ళు అదే చూడటం.

"వాటిని కట్టెయ్యండయ్యా" అన్నాడు ఫొటో ఆయన. కట్టేస్తే ఏడుపు మొదలెట్టాయి. పిల్లలంతా అటే తల తిప్పుతున్నారు. అప్పటికి నేను తాత కుర్చీ పక్కన నిలబడి ఉన్నాను, చెయ్యి పట్టె మీద వేసి.

పెదనాన్న గడియారం చూసుకున్నాడు. "అమ్మాయ్, అవి నీ మాటే వింటయ్యిగా. తీసుకుని గడ్డివాము పక్కకి పో. రెండు ఫొటోలు తీస్తాడు. మొదటిది మా అందరిదీ, రెండో దాంట్లో నువ్వొచ్చి నిలబడు."

నేను తాత వంక చూశాను. తాత కెమెరా వంక చూస్తున్నాడు. కదలొద్దన్నారని కదల్లేదో, ఆ మాట చెవిన పడలేదో, నాకు తెలియదు. ఎన్ని వందలసార్లు అనుకున్నానో, ఆయన ఒక్కసారి తల తిప్పి ఉంటే బాగుండేదని.

రెండు తాళ్ళూ పట్టుకుని గడ్డివాము పక్కకి పోయాను. ఏరే ఆడవాళ్ళు నలుగురూ అక్కడే నీడన కూర్చుని ఉన్నారు. ఒకావిడ నా పరికిణీ చూసి, "ఏం అమ్మాయ్, ఇంత సింగారించుకుని నువ్వూ మా జట్టేనా?" అంది. వేళాకోళానికే అంది. మిగతా ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు.

నాయనమ్మ అడుగుతోంది: "టైమెంతైందిరా?"

"పదీ ఇరవై అమ్మా."

ఒకళ్ళు కూర్చుంటే ఒకళ్ళు లేస్తారు. చంటిది నీళ్ళడిగింది. రోజీ తుమ్మింది. పెద్దమ్మ కొంగు సర్దుకుంది.

"ఇప్పుడెంతైందిరా?"

"పదీ ఇరవయ్యే."

మొదటి ఫొటో నొక్కాడు. నొక్కే టైముకి అత్త చిన్నకూతురు లేచి పరుగెత్తింది. "పోయింది" అన్నాడు ఫొటో ఆయన నల్లగుడ్డలోంచి తల బయటకి పెట్టి. "ఇంకొకటే ఉందండీ నా దగ్గర. ఈసారి ఎవరూ కదలమాకండి."

రోడ్డు మీద పదకొండింటి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

"పదకొండింటి బస్సు పోయిందే! పదీ ఇరవై అంటివి గదరా!" అంది నాయనమ్మ.

"అది ఇవాళ ముందొచ్చిందమ్మా" అన్నాడు పెదనాన్న. అని, నా వైపు తిరిగి కేకేశాడు: "అమ్మాయ్, ఇంకొకటే ఉందంట. నువ్వక్కడే ఉండు. కుక్కల్ని వదలమాకు."

అరవై ఏళ్ళుగా అందరికీ తాడు జారిందనే చెప్పాను. మా అమ్మకి చెప్పాను, మొగుడికి చెప్పాను, పిల్లలకి చెప్పాను. జారలేదు. ఎర్రోడి మెడలో ముడి విప్పాను. తర్వాత బొల్లిగాడి మెడలో ముడి విప్పాను. చెవిలో "ఫో" అన్నాను.

కాయల మీద అడుగు వెయ్యని కుక్కలు, కుప్ప మీదుగా దూకాయి. తిన్నగా రోజీ మీదికే. అందరి తలలూ ఒక్కసారి కుడివైపుకి తిరిగాయి. అటు గడ్డివాము పక్కన ఆకుపచ్చ పరికిణీలో నేను, ఒట్టి తాళ్ళు పట్టుకుని. అప్పుడు నొక్కాడు ఆయన. పదకొండూ అయిదు.

ఆ తర్వాత ఘాటు లేచింది. ఆరిన కాయ చితికితే లేచే దుమ్ము మామూలు దుమ్ము కాదు. మామయ్య దగ్గుతూ బల్ల మీద నుంచి పడ్డాడు. పిల్లలు ఏడుపు. పెదనాన్న కళ్ళజోడు ఎటో పోయింది. రోజీ ఎగిరి కుప్పలో పడి, దొర్లి, ఎర్రగా లేచి కుయ్యో మొర్రో అని ఊరి మీద పడింది. అత్త వెనకాల పరుగు. ఎర్రోడు, బొల్లిగాడు కూడా తుమ్ముకుంటూ నా దగ్గరికే వచ్చి నా కాళ్ళ వెనక నక్కాయి. ఎవరు వదిలారో ఇక ఎవరికీ చెప్పక్కర్లేదు.

దగ్గనిది తాత ఒక్కడే. కుర్చీలోంచి లేచి నా దగ్గరికి నడిచొచ్చాడు.

"తాడు జారిందా?"

"జారింది తాతా."

నా చేతిలో తాళ్ళు చూశాడు. విప్పిన ముడులు చూశాడు.

"రెండూ జారినయ్యా?"

"రెండూ."

వెనక్కి తిరిగాడు. పోయి రోజీకి మజ్జిగ పోయించాడు. అత్త మర్నాడు పొద్దున్నే బండి కట్టించుకుని వెళ్ళిపోయింది. బియ్యం బస్తా వదిలేసి పోయింది. నాయనమ్మ ఆ బియ్యం చాలాకాలం ముట్టలేదు. "రాహుకాలంలో తీయించారు, ఇట్లా కాక ఎట్లా అవుద్ది?" అని పెదనాన్నని తిట్టేది. నన్ను ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేది, అయిపోయేది. మళ్ళీ అందరూ ఆ కల్లంలో చేరింది తాత పోయినప్పుడే. అప్పుడు ఫొటో ఎవరు తీస్తారు?

ఫొటో కడిగించి, అట్టకి అంటించి, పెదనాన్న తెచ్చాడు. అందరూ కుడివైపు చూస్తున్నారు. కుడిచేతి మూలన తెల్లగా ఒక మరక. నాకు వెంటనే తెలిసింది అది బొల్లిగాడు అని. వాడు ఆగలేదు కాబట్టి మరకయ్యాడు. పెదనాన్న పెన్ను తీసి వెనక ఏదో రాస్తున్నాడు.

"ఏం రాస్తున్నావు పెదనాన్నా?"

"తారీకు, టైము, అందరి పేర్లు."

"నా పేరు రాశావా?"

"ఆఁ, రాశాలే, ఫో."

ఆ మాట పట్టుకుని యాభై ఏళ్ళు బతికాను. ఫొటో అద్దం కట్టించి పేటలో ఆయన ఇంట్లో గోడకి పెట్టుకున్నాడు. ఎప్పుడు పోయినా చూసేదాన్ని. ముందు లేకపోతే ఏం, వెనక ఉన్నాను కదా అనుకునేదాన్ని. నా పెళ్ళికి ఫొటోలు తీయించలేదు. నాకు మొట్టమొదటి ఫొటో రేషన్ కార్డుకి తీశారు. అందులో కళ్ళు మూసుకున్నాను. అందుకని నాకు ఆ వెనక రాతే ఫొటో.

పెదనాన్న పోయాక కొన్నేళ్ళకి ఇంటికి రంగులు వేయిస్తూ ఆ పటం దించారు. అద్దం పగిలింది, ఫొటో బయటకి తీశారు. నేను అక్కడే ఉన్నాను. అప్పటికి నాకు అక్షరాలొచ్చి రెండేళ్ళు. వెనక్కి తిప్పి, వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదివాను. శుక్రవారం. పదీ ఇరవై, నాయనమ్మకి చెప్పిన అబద్ధమే. తాత పేరు. నాయనమ్మ పేరు. ఒక్కొక్కటీ. చివరికి వచ్చాను. చివర రోజీ అని ఉంది.

మళ్ళీ మొదటి నుంచి చదివాను. నా చదువు మీద నాకు అనుమానం. మా మనవరాలిని పిలిచి చదివించాను. "నీ పేరు లేదు అమ్మమ్మా, రోజీ ఎవరు?" అంది.

కుక్క పేరు రాశాడు. నా పేరు రాయలేదు. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లే రాశాడు, అది న్యాయమే అనొచ్చు మీరు. మరి రాశానని నాతో ఎందుకన్నాడు? చదువు రాదు కదా, ఎప్పటికీ తెలియదులే అనుకున్నాడు. అంతే కదా. చదువు రాకముందు, రాసిందంతా నిజమే అనుకునేదాన్ని. గోడ మీద రాసిందీ, ఫొటో వెనక రాసిందీ.

సరే, ఆ మరకైనా ఉంది కదా అనుకున్నాను. ఎవరెన్ని చెప్పినా, ఆ మూలన తెల్లగా బొల్లిగాడు ఉన్నాడు. వాడు ఉన్నాడంటే వాడి వెనక తాడు పట్టుకుని ఒకళ్ళున్నట్టే. చూపించి చెప్పొచ్చు.

మొన్న హాల్లో భోజనాలయ్యాక నేనే లేచి స్టేజీ దగ్గరికి పోయాను. ఎవరూ అడగకపోతే నేనే చెబుతాను, నాకేం సిగ్గు. ఫ్లెక్సీ కుడిచేతి మూల చూశాను. మరక లేదు. నున్నగా ఉంది. మిరపకాయల కుప్ప ఉంది, అంతే.

"ఒరేయ్, ఇక్కడ తెల్ల మరక ఉండాలి, ఏదిరా?"

మా అన్నయ్య కొడుకు సంతోషంగా వచ్చాడు. "చూశావా అత్తా, ఎంత నీట్‌గా వచ్చిందో! అది పాడైపోయి ఉంటే కంప్యూటర్లో తీయించా. స్టూడియో వాడు చాలా కష్టపడ్డాడు."

"అది మరక కాదురా. బొల్లిగాడు."

"ఎవరు అత్తా?"

"మా కుక్క."

"కుక్క ఉందిగా అత్తా, ఇదిగో, నంబరు పదహారు, రోజీ" అని చూపించాడు.

నేను ఏమన్నానో రాయను. పెద్దగానే అన్నాను. ఏసీ కింద పడుకున్న ఆ బంగారం రంగు కుక్క లేచి మొరిగింది. ఆ హాల్లో నేను చెప్పింది విన్నది అదొక్కటే. వాడు నన్ను పక్కకి తీసుకుపోయి, "అత్తా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడిగాడు. మంచివాడే. నన్ను ఊరుకోబెట్టడానికి సంచీలోంచి అసలు ఫొటో తీసి నా చేతిలో పెట్టాడు. "స్కాన్ చేసేశాంగా, పాతది ఇక నువ్వే ఉంచుకో."

ఇప్పుడు నా దగ్గరే ఉంది. మరక అట్లాగే ఉంది. వెనక పెదనాన్న రాత కింద ఇంకా ఖాళీ ఉంది. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, నావి తాలుకాయల్లా ఉంటాయి. అయినా సరే, పెన్ను తీసుకుని పదీ ఇరవై కొట్టేసి పదకొండూ అయిదు అని రాశాను. దాని కింద మొత్తం మళ్ళీ రాశాను. అక్కడ పేర్లతో రాశాను, ఇక్కడ వరసలతో.

ఆ శుక్రవారం మా కల్లంలో ఉన్నవాళ్ళు:

తాత. నాయనమ్మ.

పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ ఇద్దరు కొడుకులు, ఒక కూతురు.

అమ్మ, నాన్న, తమ్ముడు.

అత్త, మామయ్య, బావ, బావ చెల్లెళ్ళిద్దరు. చిన్నది మొదటి ఫొటో పాడుచేసింది, రెండో దాంట్లో వేలు నోట్లో పెట్టుకుని ఉంది.

రోజీ.

ఫొటో ఆయన, నల్లగుడ్డలో.

తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు నలుగురు, గడ్డివాము నీడన.

ఎర్రోడు.

బొల్లిగాడు. కుడిచేతి మూలన తెల్లగా ఉన్నది వాడే.

నేను. పన్నెండేళ్ళు. ఆకుపచ్చ పరికిణీ. వాళ్ళంతా చూస్తున్నది నన్నే.